బంకు వెనక బావి

మొన్న తిరుత్తణి రోడ్డులో ఆటో దిగేసరికి, మా పెట్రోలు బంకు ముందు ఒక పెద్ద క్రేను రెండు పొరల కొత్త ట్యాంకును గుంటలోకి దించుతూ కనిపించింది. ఇప్పుడు బంకు చూసుకుంటున్న మా మరిది కొడుకు ఎదురొచ్చి, పొరల మధ్యకు చుక్క కారినా ఆఫీసు గదిలో గంట మోగుతుందని సంబరంగా చెప్పాడు. వాడు చెప్పేది వింటూనే ఉన్నాను గానీ, నా మనసు అప్పటికే వెనక్కి వెళ్ళి, ఒకప్పుడు బంకు వెనక ఉన్న బావి గట్టు మీద కూర్చుంది.

బావినీళ్ళ రుచి మన ఈడువాళ్ళకు నేను చెప్పాలా! ఆవడి టౌనులో కుళాయి నీళ్ళు తాగి పెరిగిన నేను ఈ బంకువాళ్ళింటికి కోడలిగా వచ్చిన కొత్తలో, అబ్బ, ఎంత తియ్యగా ఉండేవో ఆ నీళ్ళు. ఆడి కృత్తిక పండక్కి తిరువళ్ళూరు వైపు నుంచి మొక్కు కావళ్ళు ఎత్తుకుని, కాళ్ళు బొబ్బలెక్కి నడిచి వచ్చేవాళ్ళు మా బంకు దగ్గర వేసిన పందిట్లో ఆగి, ఆ నీళ్ళతో చిలికిన మజ్జిగ తాగి, ముఖం కడుక్కుని, మురుగా అనుకుంటూ మళ్ళీ ఆ స్వామి కొండ దారి పట్టేవాళ్ళు. ఆ మజ్జిగ పందిరంటే మా అత్తగారికి ప్రాణం. ఇంట్లో పెళ్ళి జరిగినా అంత హడావిడి పడేవారు కాదు.

ఒక ఏడు కృత్తిక దగ్గర పడుతుండగా నీళ్ళలో సన్నగా డీజిలు వాసన మొదలైంది. భూమిలో ఉన్న ట్యాంకు మీదికి మాలో ఎవరికీ అనుమానం పోలేదు. బంకు పనివాళ్ళు ఆయిలు చేతులతోనే నీళ్ళు తోడుకునేవాళ్ళు కనుక నేరమంతా బావి తాడు మీద పడింది. మామగారు కొత్త తాడు, కొత్త బక్కెట తెప్పించి, పనివాళ్ళకు వేరే తొట్టి పెట్టించి, పాపం వాళ్ళను రోజూ తిట్టిపోసేవారు. వాసన మాత్రం పోలేదు. చివరికి అత్తగారు చెంబు ముక్కు దగ్గర పెట్టుకుని, "తాడు కాదయ్యా, భూమిలోనించే వస్తా ఉండాది. ఈ నీళ్ళు కావడోళ్ళకి పోసేదానికి నాకు చెయ్యి రాదు" అంటూ గట్టు మీదే కూలబడి ఏడ్చేశారు.

అప్పుడు గానీ మామగారికి ట్యాంకు మీద అనుమానం రాలేదు. సాయంత్రం అమ్మకం ఆపి, ట్యాంకులోకి కొలత కర్ర దించి తడి ఎంతవరకు ఉందో గుర్తు పెట్టుకుని, మూతకు తాళం వేశారు. తెల్లవారి మళ్ళీ దించితే తడి ఆ గుర్తుకు కిందనే ఆగిపోయింది. పండగ బేరం పోతుందని మరిది మొత్తుకుంటున్నా వినకుండా, "బేరం మళ్ళా వస్తాదిరా, ఈ నీళ్ళు యాడనించి తెస్తావు?" అని బంకు మూసేసి ట్యాంకు పైకి తీయించారు. అడుగంతా తుప్పు తిని, సన్నటి చిల్లులు. కొత్త ట్యాంకుకు దట్టంగా తారు పూయించి, ఇసుక పరిచి కూర్చోబెట్టారు. ఆ ఏడు మజ్జిగకు నీళ్ళు పొలం బోరు నుంచి ట్రాక్టరులో వచ్చాయి.

బావి మాత్రం కోలుకోలేదు. ఎన్నిసార్లు తోడించినా అంతే. ఏటా వానలు పడ్డాక అత్తగారు ఆశగా ఒక చెంబెడు తోడి, వాసన చూసి పారబోసేవారు. పోయేదాకా ఆ ఆశ వదులుకోలేదు, నా తల్లి. ఆమె తరవాత తోడి చూసేవాళ్ళు లేక బావిని పూడ్చేశారు.

ఇప్పుడు కావళ్ళవాళ్ళు సీసా నీళ్ళు తాగుతూ ఆగకుండానే వెళ్ళిపోతారు. చుక్క కారని ట్యాంకు వచ్చిందంటే సంతోషమే, కాదనను. కానీ అది కాపాడవలసిన నీళ్ళే అక్కడ లేవు కదా.