నాన్న గారె, నా ఇడ్లీ, అక్క జేబురుమాలు

ఆ రోజుల్లో ఏ మాటనైనా రుజువు చేసి గెలవకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. అడవుల మధ్యనున్న బచేలి ఊళ్ళో మా రైల్వే క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి వెళ్ళే అడ్డదారిలో పొద్దువాలితే ఎలుగుబంట్లు తిరుగుతాయని, అక్కని సాయంత్రం డ్యూటీ మానెయ్యమన్నాడు నాన్న. ఆ డ్యూటీ మానితే నర్సు ఉద్యోగమే పోతుంది. అక్క అన్నం ముట్టలేదు. నేను ఊరుకుంటానా? "భయానికి మందు వెలుగే" అని ఉపన్యాసమిచ్చి, జగదల్‌పూర్ బజారు నుంచి ఎల్‌ఈడీ టార్చి పట్టుకొచ్చాను. నాన్న పెట్టె అడుగునుంచి, లైను మీద పనిచేసిన కాలం నాటి మూడు బ్యాటరీల స్టీలు టార్చి తీశాడు.

"నీ ప్లాస్టిక్ బొమ్మని సూసి ఎలుగుబంటి నవ్వుకుంటాదిరా. ఇదయితే మైలు దూరం కొడతాది!"

"నమ్మకాలొద్దు నాన్నా, పరీక్ష పెడదాం."

కరెంటు పోయిన ఒక మునిమాపు వేళ, అక్క డ్యూటీకి బయల్దేరుతుండగా పరీక్ష మొదలైంది. ముందు పెరటి గోడ మీద వేశాం. నాన్నది పసుపు వెలుగు, నడిమధ్య చీకటి. నాది నిండైన తెల్లటి గుండ్రం. "మీ గారెకి చిల్లుంది నాన్నా!" "చిల్లుంటేనేరా గారె! నీది ఉప్పులేని ఇడ్లీ!" ఇక దూరం తేలాలి. తెల్ల యూనిఫాం బాగా కనిపిస్తుందని అక్కనే దారి మలుపులో నిలబెట్టాం. ఇద్దరం ఒక్కసారే వేశాం. "నాది ముందు తగిలింది!" అన్నాడు నాన్న. (కాంతి వేగం గురించి అక్కడికక్కడే ఆయనకు పాఠం చెప్పాను.) పాఠం ముగిసేసరికి దారి మీద అక్క లేదు.

"ఆర్పండెహే!" అని పక్క కాలువలోంచి కేక. "ఇద్దరూ నా కళ్ళల్లోనే కొడితే నా కాళ్ళకింద ఏటుందో ఎలా కనబడతాది? ఎలుగుబంటి కంటే ముందు మీరే పడేశారు కదరా!"

ఒంటి చెప్పుతో, మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. "నడిసేది నేను. ఏది కావాలో నన్నొక్కడైనా అడిగాడా?" అంటూ నా టార్చి లాక్కుని, అద్దానికి తన జేబురుమాలు కట్టి, నేలకేసి వంచింది. వెలుగు పలచబడి చాపలా పరుచుకుంది. బట్టలు మార్చుకుని ఆ చాప మీదుగా డ్యూటీకి వెళ్ళిపోయింది. నాన్న అటే చూస్తూ, "బ్యాటరీ నిండుగా ఉందేటిరా?" అన్నాడు నెమ్మదిగా. డ్యూటీ మానమన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

స్త్రీల ప్రగతి గురించి ఇప్పటికీ వేదికలెక్కి గొంతు చించుకుంటూంటాను. ముందు వరుసలో ఎవరైనా కళ్ళు చికిలించారా, నా చెయ్యి జేబురుమాలు కోసం తడుముకుంటుంది. చెమట తుడుచుకోవడానికేమో అనుకుంటారు పాపం.