గట్టు వాటా

బతుకమ్మకు పూలు కొనడం నాకు చేతకాదు. కాలువ గట్టు నిండా గునుగు పూచి ఉండగా కొనడమెందుకు? కొన్నేళ్ల కిందట ఒకసారి కనిపించినవన్నీ కోసి, మూటగట్టి, బోధన్ బస్సెక్కాను.

పక్కసీటు ఆడమనిషి మూటనే చూస్తోంది. దగ్గరికి లాక్కున్నాను.

"మా గట్టు మీదియేనా అవ్వా?"

"గట్టు మీ అయ్యదా?"

ఆమె నవ్వింది. "సర్కారుదే. నేను వార్డు మెంబర్‌ని. గడ్డి కోసే మిషన్‌కే పంచాయతీ పైసలు పోతున్నయని గునుగు సల్లిపిచ్చిన. గునుగు గుబురుగ లేస్తే గడ్డి లేవది. అందరు గిట్ల మొత్తం కోస్కపోతే గింజ ఏడ రాలుతది? వచ్చే యేడు మళ్ల గడ్డే, మళ్ల మిషనే."

"పూలు మాత్రం ఇయ్య," అన్నాను.

"పూలు నీయే అవ్వా," అంటూ ఒళ్లో కొంగు పరిచి, ఒక్కో కట్టా తీసి మెల్లగా దులిపింది. సన్నటి నల్ల గింజలు జలజలా రాలాయి. పూలు చెదరలేదు. కొంగు ముడివేసుకుని, తర్వాతి స్టాపులో దిగి, గట్టు వైపు వెనక్కి నడిచింది. పేరైనా అడగలేదు నేను.

ఇప్పటికీ పూలు కొనను. కోసిన ప్రతి కట్టనూ గట్టు మీదే దులిపి మూటగడతాను. ఆలస్యమవుతోందని మనవరాలు గొణిగితే, "ఆగవే, గట్టు వాటా గట్టుకిచ్చి వస్త," అంటాను.