విమానం దిగుతుండగా అత్తమ్మకు పెట్టిన చక్కెర

మా అత్తమ్మ మాట కాదని తన మాట నెగ్గించుకున్న మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె విమానంలో పనిచేసే అమ్మాయి. వయసులో నాకన్నా చిన్నది.

మిర్యాలగూడలో మాకు రైసుమిల్లు ఉండేది. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి ఒక్కసారి దగ్గితే గుమాస్తాలు, హమాలీలు, మా ఆయనతో సహా ఎక్కడివాళ్లక్కడ సర్దుకునేవారు. అటువంటి మనిషికి షుగరు వచ్చింది. రోజూ పొద్దున్నే సూది వేయాలన్నారు. సూది చూస్తే మా ఆయనకు కళ్లు తిరిగేవి కాబట్టి, గాజు సిరంజి ఉడకబెట్టి మందు ఎక్కించడం డాక్టరు నాకే నేర్పాడు. అంతటితో ఆగిందా? తీపికి కాపలా కూడా నా నెత్తినే పడింది. బెల్లం డబ్బాకు తాళం. పెళ్లి భోజనాల్లో అత్తమ్మ విస్తట్లో లడ్డూ పడకుండా పక్కనే నేను. కోదాడలో ఉండే మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "మా అమ్మ నోట్లో తీపి పడిందో, నిన్నే అడుగుతా వదినా! తర్వాత నన్ననొద్దు." నేను సూర్యాపేట పిల్లను, మాట పడే రకం కాదు. అయినా ఆ విషయంలో నోరు మూసుకునేదాన్ని. భయం ఉండేది మరి.

డెబ్బైల మొదట్లో అత్తమ్మకు మద్రాసులో కంటి ఆపరేషన్ జరిగింది. కన్ను కుదుపుకు గురికాకూడదు, రైలు వద్దు అన్నాడు అక్కడి డాక్టరు. కోతల కాలం కావడంతో మా ఆయన ముందే మిల్లుకు తిరిగొచ్చాడు. మాకు విమానం టిక్కెట్లు కొనిచ్చి, బేగంపేటకు కారు తెస్తానన్నాడు. మా బజారులో విమానం ఎక్కిన ఆడవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. లోపల కాస్త గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు!

ఆ పొద్దున లాడ్జిలో సూది వేశాను. వెంటనే టాక్సీ వచ్చింది. ఇడ్లీలు పొట్లం కట్టించి, విమానంలో పెడదామనుకున్నాను. విమానం పైకి లేచాక పొట్లం విప్పితే అత్తమ్మ మొహం అటు తిప్పేసింది.

"నేలకు ఆనకుండ తిండి తింటరానే ఎవరన్న? కింద దిగినంక తింట, తియ్యి."

"జర రెండు ముద్దలు తిను అత్తమ్మా."

"ఒక్కపారి చెప్తె ఇనవా?"

పొట్లం మళ్లీ కట్టేశాను. నిజం చెప్పాలంటే పెద్దగా పరేషాన్ కూడా కాలేదు. షుగరు ఉన్నవాళ్లు ఎంత తక్కువ తింటే అంత మంచిదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఒక పూట తినకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

విమానం కిందికి దిగడం మొదలుపెట్టాక నా చెవులు గింగురుమన్నాయి. అత్తమ్మ నిద్రపోతోందనుకున్నాను. ఇంతలో నా చెయ్యి పట్టుకుని, "హమాలీలు అచ్చిన్రా?" అని అడిగింది. ఆకాశంలో హమాలీలేమిటి? చూస్తే రవికె తడిసి ఒంటికి అంటుకుపోయింది. కట్టు కట్టని కన్ను తెరిచే ఉంది, అది నన్ను చూడటం లేదు. మాట ముద్దగా వస్తోంది.

బెల్టులు చూసుకుంటూ వస్తున్న ఆ అమ్మాయి మా దగ్గర ఆగింది. అత్తమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, నా మొహంలోకి చూసింది. ఆంధ్ర వైపు పిల్ల, మాట నెమ్మది.

"ఏమైనా జబ్బుందా అమ్మా?"

"షుగర్ ఉన్నది."

"సూది వేస్తారా? ఇవాళ వేశారా?"

"పొద్దుగాల ఏసిన."

"తర్వాత ఏం తిన్నారు?"

ఏం తినలేదన్నాను. ఆ పిల్ల గాభరా పడలేదు. వెనకనున్న రెండో అమ్మాయిని పిలిచి, కెప్టెనుకు చెప్పమని ముందుకు పంపింది. తను టీ పెట్టే చోటికి పోయి గిన్నెలో చక్కెర తెచ్చింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"చెల్లె, నీకు దండం పెడ్త, షుగర్ ఉన్న మనిషికి చక్కెర పెడ్తరా?"

"ఇప్పుడు ఆవిడ ఒంట్లో చక్కెరే లేదమ్మా. సూది మందు పనిచేస్తోంది, లోపల తిండి లేదు. ఇది పెట్టకపోతే ప్రాణం మీదికొస్తుంది."

వెనక ఒకాయన లేచి, మొహాన నీళ్లు కొట్టండని కేకేశాడు. ఇంకొకాయన చెంబు పట్టుకుని బయల్దేరాడు. మన దగ్గర ఎవరైనా పడిపోతే చుట్టూ పదిమంది మూగి, లేవదీసి, నీళ్లు తాగించడమే కదా ఆనవాయితీ. ఆ పిల్ల గొంతు పెంచకుండానే, "కూర్చోండి సార్. బెల్టు పెట్టుకోండి. నీళ్లు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి," అంది. ఇద్దరూ బుద్ధిగా కూర్చున్నారు.

రెండో అమ్మాయి తిరిగొచ్చింది. అన్ని విమానాల కన్నా ముందు మనల్నే దింపుతున్నారు, కింద డాక్టరు సిద్ధంగా ఉంటాడు అని చెప్పింది. మా రోడ్డు మీద బస్సయితే చెయ్యెత్తితే డ్రైవరు పక్కకు ఆపేవాడు. ఇక్కడ ఎక్కడ ఆపుతారు?

"నేల దగ్గరికొచ్చేశాం. ఇక నేను నిలబడకూడదు," అంది ఆ పిల్ల. "చక్రాలు తగిలినప్పుడు తూలి ఈవిడ మీదే పడతాను. మీరే పెట్టాలి."

"నేనా?"

"మీరే. తల పక్కకు తిప్పి పట్టుకోండి. చక్కెర తడివేలితో చెంప లోపల రాయండి. పళ్ల మధ్య వేలు పెట్టొద్దు."

గిన్నె నా ఒళ్లో పెట్టి, దారికి అవతల ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. మా ఇద్దరి మధ్య మూరెడు దూరం. అయినా నేనొక్కదాన్నే అయిపోయినట్టనిపించింది.

చక్కెర పెట్టాక అత్తమ్మ పోతే? కోదాడ ఆడబిడ్డ మొహం కళ్లముందు ఆడింది. తీపి పెట్టి అత్తను చంపిందంటారు. ఎవరికి చెప్పుకోను, ఎవరు నమ్ముతారు? కట్టుకున్నవాడు నమ్ముతాడా? దేవుడా, నన్నెందుకు ఇక్కడ కూర్చోబెట్టావు అనుకున్నాను. కానీ ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడిపోతోంది. ఇరవై ఏళ్ల నుంచి నన్ను తిట్టి, తిప్పలు పెట్టి, జ్వరమొస్తే రాత్రంతా నా మంచం పట్టె మీద కూర్చున్న మనిషి. ఏమైతే అయిందిలే అని వేలికి చక్కెర అద్దుకుని చెంప లోపల రాశాను.

"బాగా చేస్తున్నారు. ఇంకాస్త," అంది అవతల నుంచి ఆ పిల్ల. నా మీంచి చూపు తిప్పలేదు. చక్రాలు దబ్బున నేలకు తగిలాయి. రాస్తూనే ఉన్నాను. విమానం పరుగు తగ్గుతుండగా అత్తమ్మ నాలుక కదిలింది. చప్పరించింది. ఆ తర్వాత గుటక వేసింది.

విమానం ఆగగానే ఎవరినీ లేవొద్దన్నారు. డాక్టరు పైకొచ్చాడు, ఇద్దరు మనుషులు కుర్చీలో అత్తమ్మను కిందికి దింపారు. ఆ పిల్ల మెట్ల దాకా వచ్చి, నా భుజం తట్టి వెనక్కి వెళ్లిపోయింది. పేరన్నా అడగలేదు నేను.

కింద గదిలో గ్లూకోజు ఎక్కించాక అత్తమ్మకు పూర్తిగా తెలివొచ్చింది. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. సంగతి సగం విని నా మీదికి లేచాడు.

"అమ్మకు చక్కెర పెట్టినవా? నీకు దిమాక్ ఉన్నదా?"

"పెట్టబట్టే బతికింది," అన్నాడు డాక్టరు.

అత్తమ్మ తెరిచి ఉన్న కంటితో నన్నే చూస్తోంది.

"నేను గా చక్కెర నోట్ల ఉండంగనె పోయి ఉంటె, నువ్వే సంపినవని అందరు అనకపోదురా?"

"అందురు, అత్తమ్మా."

"పెట్టేటప్పుడు నీకు ఎరుకనేనా గా ముచ్చట?"

"ఎరుకనే."

గ్లూకోజు సూది లేని చేత్తో నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఎరుకుండి పెట్టినవా, బిడ్డా!" అంది.

అన్నేళ్లలో నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి. విమానంలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.