విజిల్ పడినా తప్పని తాళం

జెర్సీ సిటీలో మా భవనం మూడో అంతస్తు వెండెల్ ర్యాప్ పాటలు కడతాడు. అతని వెనక ఏ రికార్డు కంపెనీ లేదు. తనే రాసి, తనే పాడి, క్యాసెట్లు కారు డిక్కీలో పెట్టుకుని అమ్ముకుంటాడు. స్టూడియో అంటారా, బట్టల అల్మరా. చలికోట్ల మధ్య నిలబడితే గొంతు మారుమోగదట. గోడలు మరీ పలచన కనుక, రికార్డింగ్ నాడు ప్రతి తలుపూ తట్టి, గంటసేపు చప్పుడు చేయొద్దని బతిమాలుకుంటాడు. ఎనభై అయిదులో ఒక ఆదివారం, అద్దెకు తెచ్చిన రికార్డింగ్ మెషీన్ నాలుగింటికల్లా తిరిగివ్వాలి. చివరి ప్రయత్నంగా పాడుతున్నాడు. పక్కవాటా నర్సు విమలకుమారి, డ్యూటీ అలసటలో ఆ మాట మరిచి, పప్పుకి కుక్కర్ పెట్టేసింది. పాట నడుమ విజిల్ కూసింది. ఆవిడ స్టవ్ ఆపేసి, అతని గొంతు ఆగేదాకా గుమ్మం బయట బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"నీ పాట పాడుచేశాను బాబూ."

"ముందు వినండి మిస్ విమలా," అని వెండెల్ టేపు వెనక్కి తిప్పాడు. టేపులో, విజిల్ మొదలవగానే అతను మాట ఆపాడు. అది పూర్తిగా కూయనిచ్చి, తర్వాతి మాటను సరిగ్గా దరువు మీద దించాడు. ఎక్కడా తడబడలేదు.

"మా చర్చిలో నేను దగ్గితే చాలు, ముప్పయ్యేళ్ల నుంచి పాడేవాళ్లకే తాళం తప్పుతుంది," అంటూ విమలకుమారి గుమ్మంలోనే చతికిలబడి, ఇంకోసారి వినిపించమంది.