జ్వరం సంగతి చెప్పొద్దన్నాను

కోరుట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పదేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గల్ఫ్‌కు పోయేవాళ్లే. వీసా కోసం చేసే అసలు మెడికల్ పరీక్షకు ముందు ఇక్కడ ఒకసారి చూపించుకుంటారు. వాళ్లందరికీ నేనిచ్చే సలహా ఒకటే: దగ్గొచ్చినా ఆపుకోండి, జ్వరమొచ్చిందని నోరు జారకండి. 'ఫిట్' అన్న ఒక్క మాట కోసం మొక్కులు మొక్కే ఇళ్లు మావి. రిపోర్టులో ఏమీ లేకపోతే అదే శుభవార్త. చూసీ చూసీ నా కళ్లకూ అదే అలవాటైంది.

పోయిన వానాకాలం మా అక్కకు టీబీ అని తేలింది. బావ దుబాయిలో ఉంటాడు. అక్క పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది కాబట్టి ఎన్నాళ్ల నుంచో ఉన్న దగ్గు తంబాకు వల్లనే అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను, ల్యాబులో పనిచేసే తెలివిగలదాన్ని! అక్కకు మందులు మొదలయ్యాయి. ఇక భయమంతా ఆమె పక్కలో పడుకునే ఏడేళ్ల కూతురి గురించే. పిల్లకు కూడా సోకిందేమో చూడటానికి ముంజేతి చర్మంలోకి చిన్న సూది వేస్తారు. మూడో రోజుకు అక్కడ గట్టిగా వాస్తే సోకినట్టు.

సరిగ్గా ఆ సూదికి ముందు వారమే పిల్లకు జలుబు, దగ్గు, ఒళ్లు కాలిపోయే జ్వరం. నేనే రక్తం తీసి చూశాను. డెంగీ కాదని తేలగానే ఆ కాగితం మడిచి బ్యాగులో పడేశాను. సూది వేయించడానికి జగిత్యాల ఆస్పత్రికి బస్సెక్కేటప్పుడు అక్క అడిగింది.

"పోరికి జరం వచ్చిందని డాక్టర్‌కు చెప్పాల్నానే?"

"ఎందుకే, తగ్గింది గద. చెప్తె మల్లొకసారి రమ్మంటడు," అని, పిల్ల వైపు తిరిగాను. "నువ్వు గూడ చెప్పకు బిడ్డా. దగ్గొస్తె ఆపుకో."

ఈ మధ్య జ్వరం గానీ దగ్గు గానీ వచ్చిందా అని డాక్టర్ అడగనే అడిగాడు. ముగ్గురం తల అడ్డంగా ఊపాం.

సూది వేసిన మూడో రోజు చెయ్యి నున్నగా ఉంది. అక్క అక్కడి నుంచే బావకు వీడియో కాల్ చేసి, "నీ బిడ్డ ఫిట్" అని చెప్పింది. ఇంటికొచ్చేదాకా ఆమె ముఖంలో నవ్వు పోలేదు.

నాకే మనసు నిలవలేదు. ఎందుకో తెలియదు. రెండు రోజుల తర్వాత బ్యాగులో చిల్లర వెతుకుతుంటే ఆ కాగితం చేతికి తగిలింది. లింఫోసైట్లు, అంటే రోగాలతో పోరాడే తెల్లకణాలు, తక్కువని యంత్రం గుర్తు పెట్టి మరీ చూపించింది. నేనే చూడలేదు. కాలేజీలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. చేతి మీద వాపు ఊరికే రాదు. టీబీ క్రిమిని ముందే ఎరిగిన టీ కణాలు, ఆ లింఫోసైట్లలోనే ఒక రకం, సూది వేసిన చోటికి వచ్చి చేరితేనే వస్తుంది. ఊపిరితిత్తులకు వైరస్ పట్టినప్పుడు టీ కణాలు రక్తాన్ని వదిలి అటు పరుగెత్తుతాయి. కొన్ని చస్తాయి. మిగిలినవి కొన్నాళ్లు నీరసపడతాయి. అలాంటప్పుడు సూది వేస్తే, లోపల క్రిమి ఉన్నా చెయ్యి నున్నగానే ఉండొచ్చు. అంటే మేము చూసి సంబరపడింది ఏమిటో మాకే తెలియదు.

ఆ రోజు ల్యాబులో రక్తం ఇవ్వడానికి వచ్చినవాణ్ని ఊరికే కసిరాను. మర్నాడు పొద్దున్నే పిల్లను తీసుకుని మళ్లీ జగిత్యాల బస్సెక్కాను.

"ఏందమ్మా, ఏం రాలేదు గద, మల్ల ఎందుకు?" అన్నాడు డాక్టర్.

నేనొక టెక్నీషియన్ని, నేనే దాచానని ఎలా చెప్పాలి? కాగితం బల్ల మీద పెట్టాను. పిల్ల నా వైపు చూసింది. తల ఊపాను.

"నాకు జరం వచ్చింది సార్. చిన్నమ్మ చెప్పద్దన్నది."

డాక్టర్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆరు వారాలు ఆగి మళ్లీ వేద్దామన్నాడు. ఆ ఆరు వారాలు పిల్ల తుమ్మినా నా గుండె జారిపోయేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని.

రెండోసారి మూడో రోజుకు చెయ్యి వాచింది. ఎర్రగా, వేలితో తడిమితే గట్టిగా. అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నాకు ఆ వాపు మీద కోపం రాలేదు, ఈసారి అది నిజం చెప్పింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగున్నాయి. క్రిమి ఉంది గానీ జబ్బు ఇంకా మొదలు కాలేదు, మందులతో ఆపొచ్చన్నాడు డాక్టర్.

ఇప్పుడు రోజూ బడికి పోయే ముందు పిల్ల మా ఇంటికొచ్చి నా ఎదుటే గోలీ మింగుతుంది. మింగాక పక్కన కూర్చుని వేళ్లు మడిచి లెక్క చెబుతుంది.

"చిన్నమ్మా, నిన్న రెండుసార్లు తుమ్మిన. ఒకసారి దగ్గొస్తె ఆపుకున్న. గది గూడ చెప్పాల్నా?"

"ఆపుకోకు బిడ్డా," అంటాను. "దగ్గు."