అగ్గిపెట్టె వద్దన్న బైబిలమ్మ

మా గేరి బైబిలమ్మ పోయిన నెలలో ప్రభువునందు నిద్రించింది. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు తెల్లవారి ఆమె గుడిసె ముందు నిలబడి పిలిస్తే పలకలేదట.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నుంచి మా ఊళ్లో ఉజ్జీవ కూటాలు మొదలవుతాయి. మా సంఘం ఒకటిగా ఉంటుందో రెండుగా చీలుతుందో ఆ వారంలో తేలిపోతుంది. ఈలోగా నాకు ఒక సంగతి తెలియాలి. అది చెప్పగలిగిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చాం. ఈ పత్రిక చదివే అక్కల్లో ఎవరికైనా తెలిసి ఉంటుందేమోనని ఆశ.

మా ఊరు కౌతాళానికి దగ్గర. మా విశ్వాసుల ఇండ్లు రెండు వరసలుగా ఉంటాయి. వరసను మేము గేరి అంటాం, పై గేరి, కింది గేరి. అందరం కూలి చేసుకుని బతికేవాళ్లమే. ఇంటింటికీ పోయి వాక్యం చెప్పడం, ఆడవాళ్లను కూర్చోబెట్టి ప్రార్థన చేయించడం బైబిలమ్మ పని. హొళగుంద దాకా, దేవనకొండ దాకా నడిచే పోయేది. హొళగుంద వైపు కన్నడంలో ప్రార్థన చేసేదట. పెద్దవాళ్లకు బైబిలమ్మ, పిల్లలమైన మాకు అవ్వ. ఆమెకు నా అన్నవాళ్లు ఎవరూ లేరు.

మా ఇంట్లో బడి మెట్టు ఎక్కినదాన్ని నేనే మొదట. ఆదోని బోర్డింగు బడిలో నన్ను చేర్పించమని ఆమె మా నాయన వెంట పడింది.

"ఆడపిల్లకు సదువేంటికవ్వా? పత్తి చేనికి పోతాది గదా" అన్నాడు నాయన.

"పత్తి చేను యాడికి పోతాదిలే అప్పా, ఆడనే ఉంటాది. పిల్ల వయసే పోతాది" అంది అవ్వ.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఆమె కోసం ఆదోని బజారు నుంచి అగ్గిపెట్టె తెచ్చాను. మా గేరిలో పొద్దున ఎవరి పొయ్యి ముందు అంటుకుంటే వాళ్లింటికి మిగతావాళ్లు కుండపెంకు తీసుకుపోయి నాలుగు నిప్పు కణికలు అడిగి తెచ్చుకునేవాళ్లు. అవ్వ ఈ వయసులో ఇల్లిల్లూ తిరగడం ఎందుకని నా ఆలోచన. ఆమె ఆ పెట్టెను చెవి దగ్గర ఆడించి, నవ్వి, తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇది ఇంట్లో పెట్టుకుంటే నేను పొద్దున్నే ఎవురి గడప తొక్కాల, సెప్పు?"

ఆమె అడిగే తీరు నాకు తర్వాత తెలిసింది. రోజూ ఒకే ఇంటికి పోదు. ఏ ఇంటికి ఏ ఇంటితో మాటలు లేవో కనిపెట్టి, ఒక ఇంట్లో నిప్పు అడిగి, దారిలో రెండో ఇంటి పొయ్యిలో సగం వేసి, మిగిలింది తన గుడిసెకు తీసుకుపోయేది. కోపం వచ్చినవాళ్లు మా దగ్గర మొదట ఆపేది నిప్పే. నీళ్లు ఇస్తారు, ఉప్పు ఇస్తారు, నిప్పు మాత్రం ఇవ్వరు.

నేను బోర్డింగులో ఉన్న రోజుల్లో ఒక ఏడు వానలు లేవు. ఆ ఎండకాలం సెలవుల్లో దూరం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి ఉజ్జీవ కూటాలు పెట్టాడు. జనం నేల మీద పడి ఏడ్చారు, పాపాలు ఒప్పుకున్నారు, స్తోత్రాలతో ఎగిరారు. మా అమ్మ ఎగిరింది. మాది కింది గేరి. పై గేరిలో ఉండే మా పెద్దమ్మా ఎగిరింది. వాళ్లిద్దరూ తోడికోడళ్లు. మా బర్రె వాళ్లు కౌలుకు వేసిన కొర్ర చేలో పడిన నాటి నుంచి వాళ్లకే కాదు, రెండు గేరులకూ మాటలు లేవు. మా సంఘం పాస్టరు అయ్యగారు సంతోషంతో, "మన ఊరికి ఉజ్జీవం వచ్చేసింది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అవ్వ పెంకు పట్టుకుని బయలుదేరింది. నేనూ వెంట పోయాను.

"యాడికవ్వా?"

"వచ్చిందంటాండారు కదా, సూసొద్దాం పా. ఉజ్జీవం కూటంలో తెలీదు పిల్లా. తెల్లారి పొగ సూస్తే తెలుస్తాది."

పెద్దమ్మ గడప ముందు ఆగి ఖాళీ పెంకు చాచింది.

"ఎవురికవ్వా నిప్పు?"

"నాకు రోంత, నీ తోడికోడలికి రోంత."

"ఓహో! నిన్న స్తోత్రం స్తోత్రం అని ఆకాశానికి ఎగిరినాదే, ఆణ్నించే తెచ్చుకోమను!"

"నువ్వూ ఎగిరినావు కదమ్మా, నేను సూసినాలే. ఇద్దరూ దిగినారు. ఇంగ ఇద్దరూ రొట్టె కాల్సుకోవాల."

పెద్దమ్మకు నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. అవ్వ నన్ను బయటే నిలబడమని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. లోపల మాటలు వినిపించాయి గాని ఏమిటో తెలియలేదు. బయటికి వచ్చేసరికి పెంకులో కణికలు ఎర్రగా ఉన్నాయి. ఆమె వెనకాల పెద్దమ్మ, ముఖం కడుక్కున్నట్టు తడిగా. ఆ నిప్పు మా పొయ్యిలో పడింది. సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని జొన్నలు చెరిగింది. అలా ఒక్కొక్క గడపా తొక్కి ఆమె రెండు గేరులనూ కలిపింది. కూటాలు ముగిసి పందిరి విప్పేసిన చాలా రోజుల తర్వాత గాని ఆ పని పూర్తి కాలేదు.

కొన్నాళ్లకు మళ్లీ చిన్న చిన్న గొడవలు మొదలయ్యాయి. నేను దిగులుపడి, "అంత ఉజ్జీవం ఏమయిందవ్వా?" అని అడిగితే ఆమె అన్న మాట నాకు బైబిలు తెరిచినప్పుడల్లా గుర్తొస్తుంది.

"పొయ్యిలో నిప్పు రాత్రికి సస్తాది. అది తప్పు కాదు. తెల్లారి అడక్కుండా ఉంటేనే తప్పు."

ఇప్పుడు ఆమె చావు దగ్గరే ఆ నిప్పు ఆగింది. చావు ఇంట పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు వండి తేవడం మా ఆచారం. ఆమెకు ఇరుగుపొరుగు అంటే అందరమూ. మా అవ్వ అని పై గేరి వండింది, మా అవ్వ అని కింది గేరి వండింది. ఒకరికొకరు చెప్పుకోలేదు. రెండు గంపలూ ఆమె గుడిసె ముందుకు వచ్చాక ఎవరి సంగటి ముందు తినాలని మాట పెరిగింది. ఎవరూ తినలేదు. రెండు గేరులూ ఆ పూట పొయ్యిలు అగ్గిపెట్టెలతోనే వెలిగించాయని మా అమ్మ తర్వాత చెప్పింది. ప్రేమతో వండిన వంటే అది. అందుకే ఎవరూ తగ్గడం లేదు. ఈస్టరు నుంచి వేరే ఆరాధన పెట్టుకుంటామని పై గేరి పెద్దలు అయ్యగారితో చెప్పేశారు.

అయ్యగారు కూటాల మీద నమ్మకం పెట్టుకున్నారు. ఆదోని నుంచి మంచి ప్రసంగీకుడిని పిలిచారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. జనం మళ్లీ ఏడుస్తారు, అందులో నాకు అనుమానం లేదు. మర్నాటి పొద్దున ఏమవుతుందన్నదే నా భయం.

సమాధి అయిన రెండో రోజు నేను అవ్వ గుడిసెలో నుంచి ఆమె పెంకు తీసుకున్నాను. మా అమ్మ పొయ్యిలో నుంచి మంచి కణికలు ఏరి, మీద పిడక ముక్క పెట్టి, పెద్దమ్మ తలుపు తట్టాను.

"పెద్దమ్మా, నేను. నిప్పు తెచ్చినా."

తలుపు తెరవలేదు. లోపలి నుంచే అంది: "మాకు అగ్గిపెట్టె ఉండాది పో, టీచరమ్మా."

చిన్నప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి. కణికలు బూడిద అయ్యేదాకా అక్కడే నిలబడి ఇంటికి వచ్చాను. అమ్మ నా చేతిలో పెంకు చూసి అంది:

"నువ్వు ఇయ్యనీకి పోయినావు మే. అవ్వ అడుక్కోనీకి పోయేది."

అది నిజమే. ఆ మాట నేను బడిలో పాఠాలు చెప్పే ఎమ్మిగనూరు దాకా నా వెంట వచ్చింది. ఇక్కడ పొద్దున్నే వీధి పొడుగునా మగ్గాలు మొదలవుతాయి, నేను పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూనే ఆ మూసిన తలుపు చూస్తుంటాను. అడగాలని తెలిసింది. ఎలా అడగాలో తెలియలేదు. ఆ రోజు పెద్దమ్మ ఇంట్లోకి పోయాక అవ్వ ఏమని ఉంటుంది? మందలించిందా? ప్రార్థన చేసిందా? తన తప్పు ఏదైనా ముందుగా చెప్పుకుందా? పెద్దమ్మను అడుగుదామంటే ఆ తలుపే మూసి ఉంది.

కౌతాళం, హొళగుంద, దేవనకొండ వైపు అక్కలారా, అమ్మలారా, ఆమె మీ ఇండ్లకూ ఖాళీ పెంకుతో వచ్చి ఉంటుంది. మీ పొయ్యి పక్కన కూర్చుని ఏం మాట్లాడిందో, లేక ఊరికే కూర్చుందో, గుర్తున్నంత వరకు రాయండి. చదువు రానివాళ్లు ఎవరి చేతనైనా రాయించండి. పత్రిక పేరు మీద ఒక కార్డు రాస్తే నాకు చేరుస్తారు.

ఆ పెంకు నా గదిలో కిటికీ మీద ఉంది. ఎంత తోమినా అడుగున మసి పోలేదు. మట్టల ఆదివారానికి ముందు శనివారం పొద్దున, అందులో ఏమీ వేయకుండా, దాన్ని పట్టుకుని పెద్దమ్మ గడప ముందు నిలబడతాను. మీ జవాబు శుక్రవారం లోపల నాకు అందేటట్టు చూడండి.