కునియో పాతిపెట్టిన పది అక్షరాలు

ఓచి తోమియే లాండ్రీలో, పెద్ద ఇస్త్రీ మిషన్ పక్కన, చిన్న తెర ఒకటి ఐదు రోజులు ఆరకుండా వెలిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి తోమియే ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే నమస్కారం పెట్టేది.

ఆ లాండ్రీ మేడ మీద గదిలో నేను అద్దెకుంటాను. చదువు సాహిత్యం. విశ్వవిద్యాలయానికి ఈ ఊరి నుంచి, అంటే జపాన్లోని ఇమాబరి నుంచి, రైల్లో వెళ్ళొస్తాను. క్లాసులు లేని రోజు కిందికి దిగి చొక్కాలు మడతపెడతాను. నాకు మాట్లాడటం పెద్దగా రాదు. తోమియేకి వినే మనిషి ఉంటే చాలు.

ఆమె భర్త కునియో తువ్వాళ్ళ లోడు వేసుకుని వారానికి మూడుసార్లు ఒసాకాకి లారీ నడిపేవాడు. ఇంట్లో అతను వాడే మాటలు మూడే: అన్నం, స్నానం, పడక. "ముప్పై ఒక్క ఏళ్ళ కాపురానికి మూడు మాటలు. లెక్కేస్తే ఏడాదికి పదో వంతు మాట పడింది నా వాటాకి" అని తోమియే నవ్వేది. ఇంటికొచ్చినప్పుడు వచ్చానని కూడా అనేవాడు కాదట. గుమ్మంలో బూట్లు విప్పిన చప్పుడే వార్త.

ఫిబ్రవరిలో, హైవే పక్కన లారీలు ఆగే చోట, బండిని గీతల మధ్య సరిగ్గా నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, సీట్లోనే పోయాడు. గుండె. అతని సామాన్లు ఒక అట్టపెట్టెలో వచ్చాయి: ఫ్లాస్కు, మెడకి చుట్టుకునే తువ్వాలు, అద్దానికి వేలాడదీసే పింగాణీ కప్ప, పాతకాలపు చేతి వీడియో గేమ్ ఒకటి, వేలెడంత నోటుబుక్కు.

"ఈ కళ్ళజోడుతో అంత చిన్న రాత కనబడదు. నువ్వు చదువు" అంది తోమియే.

ఆ వీడియో గేమ్‌లో ఉన్నది వింత జంతువులను పట్టి, పెంచి, పోటీల్లో దింపే ఆట. దారిలో ఉచితంగా వస్తువులు దొరుకుతాయి. కొన్ని కళ్ళెదుటే ఉంటాయి. కొన్ని కనబడవు. ఆటలో నేలంతా గడులే, సరిగ్గా ఆ గడిలో మన బొమ్మని నిలబెట్టి బటన్ నొక్కితేనే తెలుస్తుంది. నోటుబుక్కు నిండా అవే. "రెండో ఊరు. చెత్తడబ్బా వెనక. మందు ఒకటి." "రేవు. మూడో పీపా. ముత్యం." ఇరవై మూడు పేజీలు. లోడు దింపేలోగా దొరికిన అరగంటల్లో, గోడలూ చెట్లూ రాళ్ళూ ఒక్కొక్కటే నొక్కి చూసి రాసుకున్నాడు.

"ఈయనకి ఇన్ని మాటలు వచ్చా?" అంది తోమియే. కోపమో సంతోషమో నాకు తెలియలేదు.

అంతా పలికే అక్షరాల్లోనే, అంటే అర్థం కాక శబ్దం మాత్రమే చెప్పే జపాన్ అక్షరాల్లోనే, రాశాడు. ఆ పాత ఆటల తెర మీద చైనా అక్షరాలు పట్టేవి కావు, అందుకే ఆటలో మాటలన్నీ అలాగే ఉంటాయి. అతనూ అదే పద్ధతిలో రాసుకున్నాడు. చివరి పేజీలో ఒకే వాక్యం ఉంది.

"తోమియేకి ఒకటి పాతాను. కయెరు చోట."

కయెరు అంటే కప్ప. తోమియే బల్ల మీద ఉన్న పింగాణీ కప్పని చూసింది. "ఇంక వేరే చెప్పాలా" అంది.

ఆ ఆటలో మనం కూడా ఒక వస్తువుని పాతిపెట్టొచ్చు. దానితో పాటు పది అక్షరాల మాట కూడా. ఆ గడి మీద నిలబడి నొక్కిన మనిషికి ఆ మాట కనబడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా రాని మాట ఏదో ఆ పది అక్షరాల్లో ఉందని తోమియే నమ్మింది. అదొక్కటే ఆమెకి కావాలి.

గడియారాలూ రేడియోలూ బాగుచేసే యానోని లాండ్రీకే పిలిపించింది. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు.

"లెక్కల పరీక్షలో నా పేపరు చూసి రాసినదానివి, ఈ వయసులో జంతువులాటా తోమీ-చాన్?" అన్నాడు యానో, బళ్ళో పిలిచిన ముద్దు పేరుతోనే.

"చూసి రాసినా నీకంటే రెండు మార్కులు ఎక్కువే వచ్చేవి. పని చూడు."

విప్పి చూశాక అతని గొంతు మారిపోయింది. వెనక దోపే ఆటబిళ్ళ లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, ఆడినదంతా గుర్తుపెట్టుకునేది అదే. పాతికేళ్ళ నాటిది, ఆఖరి ఊపిరి మీద ఉంది. మార్చాలని తీస్తే అంతా చెరిగిపోతుంది. అందులో ఉన్నది వేరేచోటికి ఎత్తిపెట్టే మనుషులు ఒసాకాలో ఉన్నారు గానీ, అక్కడికి పంపాలంటే ముందు బ్యాటరీ అన్ని రోజులు నిలవాలి. సెల్స్ వేసే అర తుప్పు పట్టిపోవడంతో యానో గోడలో ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. "కొనసాగించు" అన్న మాట తెర మీద కనబడింది.

"ఇప్పుడు వెలిగింది, నీ అదృష్టం. వెలుగుతున్నంతసేపూ గోడ కరెంటే దాన్ని కాపాడుతుంది. ఆపావా, మళ్ళీ ఉంటుందని మాత్రం నేను మాటివ్వను."

"ఆపను" అంది తోమియే.

ఎనిమిదో ఊరికి దక్షిణాన కప్పల మడుగు ఉంది. పంతొమ్మిది గడుల వెడల్పు, ఇరవై నాలుగు గడుల పొడవు. లాండ్రీ చీటీల వెనక గడులు గీసి ఇచ్చాను. ఒక్కో గడిలో నిలబడటం, నొక్కడం, చీటీ మీద గుర్తు పెట్టడం. నాలుగడుగులకోసారి ఒక కప్ప మీద పడుతుంది. కునియో పెంచిన జంతువులు దానితో తలపడాలి. వాటికి అతను దారిలో తిన్నవాటి పేర్లు పెట్టాడు. "ఉదోన్, కొట్టు. ఒదెన్, కొట్టు" అని తోమియే గొణుక్కునేది. చుట్టూ ఆవిరి, వరసలో చొక్కాలు. హెడ్మాస్టరు గారి ప్యాంటు మోకాలి దగ్గర కాలింది. ఆయన కాలిన మరకనీ ఆమె ముఖాన్నీ చూసి, ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇంటికి వెళ్ళడం మానేసింది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఇస్త్రీ బల్ల కింద దుప్పటి పరుచుకునేది. అన్నం ముద్దలు తెచ్చిస్తే ఒక చేత్తో తినేది. మొదట్లో వేరే రహస్య వస్తువులైనా తగులుతాయనుకున్నాం. ఒక్కటీ లేదు. ఆ మడుగునంతా కునియో ఎప్పుడో ఊడ్చేశాడు.

నాలుగో రోజు పొద్దున్న ఉరిమింది. తోమియే కరెంటాఫీసుకి ఫోన్ చేసి, ఇవాళ కరెంటు పోదని చెప్పమంది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, అలా చెప్పలేమన్నాడు. వాన వెలిసేదాకా గోడకి ఆనుకుని, ప్లగ్గు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కరెంటు పోలేదు.

ఐదో రోజు మధ్యాహ్నానికి నాలుగువందల యాభై ఆరు గడులూ అయిపోయాయి. ఊరి మధ్య కప్ప బొమ్మ చుట్టూ నొక్కింది. కప్ప టోపీ పెట్టుకున్న ముసలాయన చుట్టూ నొక్కింది. ఏమీ లేదు.

"నాతోనే దాగుడుమూతలు ఆడుతున్నాడు" అంది. ఆమె బొటనవేలి చర్మం లేచిపోయింది. "ఒళ్ళంతా కంపు. స్నానం చేసి వస్తాను. నువ్వు దీన్ని కనిపెట్టుకుని ఉండు."

లాండ్రీ వదిలి వెళ్ళేటప్పుడు ఆమెకి ముప్పై ఏళ్ళ అలవాటు ఒకటుంది. నిప్పు భయం. ఒక్కో ప్లగ్గు పీకి, వేలితో చూపించి, పేరు పైకి చెబుతుంది. ఆ రోజూ అలాగే వంగింది.

"ఇస్త్రీ, సరే. ఆవిరి, సరే. కెటిల్, సరే."

చెయ్యి నాలుగో ప్లగ్గు మీదికి వెళ్ళింది. నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోగా ఆమె వేళ్ళు ప్లగ్గుని పట్టుకున్నాయి.

"సరే. ఇంక కయెరు" అంది ప్లగ్గు పీకుతూ.

అని, అలాగే ఆగిపోయింది.

కయెరు అంటే కప్ప. కయెరు అంటే ఇంటికి తిరిగి వెళ్ళడం కూడా. చైనా అక్షరాల్లో రాస్తే ఎవరూ పొరపడరు. పలికే అక్షరాల్లో రెండూ ఒకటే. లారీవాళ్ళు అద్దానికి కప్పని కట్టుకునేది కూడా ఆ మాట కోసమే, క్షేమంగా తిరిగి రావాలని. ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. సాహిత్యం చదువుతున్న నేను ఐదు రోజులు గడులు గీస్తూ కూర్చున్నాను.

"ఇల్లు" అంది తోమియే. ప్లగ్గు ఇంకా చేతిలోనే ఉంది. "ఆ ఆటలో ఇల్లుంటుందా?"

"ఉంటుంది. మొదలయ్యేదే అక్కడ."

ప్లగ్గు పెట్టింది. మీట నొక్కింది. తెర మీద ఒకే మాట వచ్చింది: "మొదటి నుంచి". దాని పైన ఉండాల్సిన "కొనసాగించు" లేదు. ఆపి, మళ్ళీ వెలిగించింది. మూడుసార్లు. యానో పరుగున వచ్చాడు, చూశాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

అతను వెళ్ళాక తోమియే "మొదటి నుంచి" మీద నొక్కింది. పేరు అడిగితే కునియో అని పెట్టింది. మంచం, బల్ల, పుస్తకాల అర ఉన్న చిన్న గది వచ్చింది. ఒక్కో గడే నొక్కుకుంటూ వెళ్ళింది. అర వెనక చప్పుడైంది. మందు సీసా ఒకటి దొరికిందని రాసి ఉంది.

ఆమె నా వైపు చూసింది. "ఇది ఆయన పెట్టిందేనా?"

నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది. అవునని అబద్ధం చెప్పి ఉండొచ్చు. మొదటి పేజీ, మొదటి వాక్యం చదివాను. "ఇల్లు. అర వెనక. మందు ఒకటి."

"అంటే అందరికీ దొరికేదే."

"అవును."

"ఆయనకీ దొరికింది."

"ఆయనకి మొట్టమొదట దొరికింది అదే."

ఆ సీసాని మళ్ళీ అక్కడే పాతొచ్చా అని అడిగింది. ఎలాగో చూపించాను. పది ఖాళీ గళ్ళు వచ్చాయి, మొదటి దాంట్లో గీత ఒకటి కొట్టుకుంటోంది. తోమియే వేలు బటన్ మీద పెట్టింది, తీసేసింది.

"ఆయన ఏమన్నాడో తెలియకుండా నేనేం జవాబు రాసేది?" అంది.

ఎవరో చొక్కాల కోసం వచ్చి తలుపు తోశారు. లేచి వెళ్ళి చీటీ చూసి ఇచ్చింది. తిరిగొచ్చి, తెర వైపు చూడకుండా వంగింది. ఇస్త్రీ, సరే. ఆవిరి, సరే. కెటిల్, సరే. నాలుగోదాన్ని వేలితో చూపించింది గానీ పేరు చెప్పలేదు, పీకనూ లేదు. పింగాణీ కప్పని జేబులో వేసుకుని వీధిలోకి దిగింది. వెళ్ళేటప్పుడు రోజూ అనే "ఇంక కయెరు" ఆ రోజు అనలేదు.